నాన్న పీపాలో తుపాకీమందు

హెల్డన్ క్రీక్, మోంటానా
6 ఆగస్టు 1956

అన్నయ్యా,

ఇక్కడ నేను, రెండు ఆవులు, నాన్న రైఫిలు కులాసా. అక్కడ నువ్వు, హేజెల్ వదిన, నీ రైల్వే షెడ్డు గొప్పలు కూడా కులాసాగానే ఉంటాయని నమ్ముతున్నాను.

ఒక మంచి కబురు. మన రైఫిల్ క్లబ్బు వాళ్ళు ఈ ఏడు సెప్టెంబరు పోటీకి నాన్న పేరు పెట్టారు. లోఫ్టుస్ స్మారక పోటీ. మూడు వందల గజాల దూరం, పది గుండ్లు. గెలిచినవాళ్ళకి చెక్క పళ్ళెం, దాని మీద నాన్న పేరు చెక్కి ఉంటుంది. సమావేశంలో ఆ మాట చదివారు. అంతలో క్లబ్బు పెద్ద గుండర్ మో లేచి, "బహుమతి లోఫ్టుస్ కూతురి చేత ఇప్పిద్దాం, కాఫీ సంగతి కూడా ఆవిడే చూసుకుంటుంది" అన్నాడు. నేనూ లేచాను. "కాఫీ ఎవరైనా కాస్తారు మోగారూ. నేను కాలుస్తాను" అన్నాను. హాలంతా నవ్వింది, అతను తప్ప.

గుండర్‌కి నేనంటే ఎందుకు పడదో నీకు తెలుసు. వెన్న ఫ్యాక్టరీలో నేను తూచి చెప్పే వెన్న శాతం అతని లెక్క కంటే ఎప్పుడూ తక్కువే. ప్రతి మంగళవారం డబ్బా దింపుతూ "నా ఆవులు నీకేం ద్రోహం చేశాయే తల్లీ" అంటాడు. ఆవులది ఏం తప్పు లేదు, వాటి వెనక ఉన్న నీళ్ళ పంపుది అంటాను.

ఆ రోజు పోతూ పోతూ, "అయితే కొట్లో కొన్న తూటాలతోనే కాల్చు. ఇంట్లో మందు నింపుకోవడం ఆడవాళ్ళ పని కాదు" అన్నాడు. నాన్న ముప్పై ఏళ్ళలో ఒక్క కొట్టు తూటా కాల్చి ఎరగడు. ఆయన పేరు మీద పోటీలో ఆయన రైఫిలుతో కొట్టు తూటా కాల్చి ఆ ముసలాడి ముందు నిలబడతానా!

వీలునామా ప్రకారం రైఫిలూ త్రాసూ నాకు వచ్చాయి. బల్ల, మందు నింపే పరికరాలు, లెక్కల పుస్తకం, మందు పీపాలు నీకు వచ్చాయి. అంత్యక్రియలు అయిన మూడో రోజే నువ్వు అవన్నీ ట్రక్కులో వేసుకుపోయావు. అది నీ హక్కు, నేను తప్పుపట్టడం లేదు. కాస్త మందు పంపు. పుస్తకం కూడా ఒక్క నెల ఇవ్వు. చేతితో నొక్కే చిన్న పరికరం ఒకటి నేనే సంపాదించుకున్నాను.

ఈసారి అడవిలో హకల్‌బెర్రీలు విరగకాశాయి. సగం ఎలుగుబంటి తింది, సగం నేను సీసాల్లో పెట్టాను. వదినకి రెండు సీసాలు.

నీ చెల్లెలు
రాగ్నా

*

ఎల్కిన్స్ బెండ్, నెబ్రాస్కా
14 ఆగస్టు 1956

చెల్లీ,

నీ ఉత్తరం షెడ్డులో అందరికీ చదివి వినిపించాను. "కాఫీ ఎవరైనా కాస్తారు" అన్న దగ్గర మా ఫోర్‌మన్ బల్ల మీద కొట్టి మరీ నవ్వాడు. లోఫ్టుస్ ఆడపిల్ల అంటే అలా ఉండాలి.

ఎనిమిది పౌన్ల మందు రేకు డబ్బాలో పోసి, 'ప్రమాదం' అని ఎర్ర చీటీ అంటించి, సరుకు బండిలో పంపించాను. నాన్న పీపాలోంచి తీసిందే. అదే మందు, యుద్ధం అయ్యాక మిలటరీవాళ్ళు ఫిరంగి గుండ్లు విప్పించి కారుచౌకగా వదిలించుకున్నది. నాన్న దాన్ని బంగారంలా చూసుకునేవాడు కదా. "గవర్నమెంటు మన మీద ఖర్చు పెట్టిన ఒకే ఒక్క మంచి పైసా" అనేవాడు.

పుస్తకం మాత్రం పంపను. పోస్టులో పోతే మళ్ళీ రాదు. నీకు కావలసింది ఒక్క అంకె, అది వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాను. చివరి పేజీలో నాన్న కింద రెండు గీతలు గీసి ఉంచిన అంకె. త్రాసు మీద అన్ని గ్రెయిన్లు తూచి పొయ్యి, గుండు బిగించు, కాల్చు, అంతే. నాలుగేళ్ళు నేను సైన్యంలో తుపాకులు బాగుచేసినవాణ్ణి. మాట విను, తికమక పడకు.

ఒక్క మాట చెప్పనా? రైఫిలు నీకు రాసినందుకు నాకు కోపం లేదు. పద్దెనిమిదో ఏట ఇల్లు వదిలి రైల్వేలో చేరానని ఆయన అక్కసు అలా తీర్చుకున్నాడు. పోనీలే. బాగా కాల్చు.

నీ అన్న
ఐనార్

*

హెల్డన్ క్రీక్
29 ఆగస్టు 1956

గొప్ప తుపాకీ డాక్టరుగారికి,

డబ్బా అందింది. చీటీ కొంచెం చిరిగింది, మందు క్షేమం. అంకె కూడా అందింది.

అంకె దగ్గర మొదలుపెట్టలేదు. చాలా కింద మొదలుపెట్టి అరగ్రెయిను చొప్పున పెంచుకుంటూ పోయాను, ఒక్కో బరువుకి మూడేసి తూటాలు. శనివారం మధ్యాహ్నం వెనక దిబ్బ దగ్గర కాల్చాను. ఆవులు మొదటి మూడింటికి తలెత్తి చూశాయి, ఆ తరవాత పట్టించుకోలేదు.

అన్నయ్యా, ఈ మందు నాకు నచ్చలేదు. నాన్న అంకెకి ఇంకా నాలుగు గ్రెయిన్లు తక్కువ ఉండగానే ఒక తూటాకి రైఫిలు బోల్టు గడియ బిగుసుకుపోయింది. అరచేత్తో కొట్టి లేపాల్సి వచ్చింది. తూటా ఇత్తడి గొట్టం అడుగున నిప్పు అంటించే టోపీ, లోపలి ఒత్తిడికి బిళ్ళలా చదునైపోయింది. దాని ముందు కాల్చినది మాత్రం అదే బరువు, అదే గుండు, మెత్తగా పోయింది. గురిపలక మీద ఒకదానికీ ఒకదానికీ జానెడు తేడా. నా చెయ్యి అంత అదరదు, నీకు తెలుసు. త్రాసు మూడుసార్లు సరిచూశాను. అక్కడితో ఆపేశాను.

అందుకని అడుగుతున్నాను. ఇది నాన్న పీపాలోదేనా? అందులో ఇంకేదైనా కలిసిందా? బాగా గుర్తు చేసుకుని రాయి. పోటీకి నాలుగు వారాలు కూడా లేదు.

గుండర్ నిన్న క్రీమ్ దింపుతూ, "నీ తూటాలు బఠాణీలు విసిరినట్టు పోతున్నాయటగా" అన్నాడు. ఈ లోయలో దిబ్బ వెనక కాల్చినా ఊరంతా లెక్కపెడుతుంది.

రాగ్నా

*

ఎల్కిన్స్ బెండ్
2 సెప్టెంబరు 1956

రాగ్నా,

నీ ఉత్తరం చదివి వదిన కూడా నొచ్చుకుంది. నాన్న పీపా మీద నాన్న చేతిరాతతో చీటీ ఉంది. ఆయన పెట్టిన సంవత్సరం ఉంది, ఆయన బొటనవేలి మరక కూడా ఉంది. నీకు పంపింది అందులోంచే. ఇంకేం కావాలి నీకు, నోటరీ ముద్రా?

నాన్న అదే అంకెతో అదే రైఫిలుతో ఆరేళ్ళు ఎల్క్ దుప్పుల్ని కొట్టాడు. ఆయనకి బిగుసుకోని బోల్టు నీకు బిగుసుకుందంటే తప్పు మందుది కాదు. బోల్టు తుడవడం మానేశావేమో, తూటా గొట్టాల అంచులు సరిగ్గా కోయలేదేమో. లేకపోతే భయపడుతున్నావు. భయపడితే తప్పేం లేదు, ఒప్పుకో. ఆయన పోయి ఏడాది కాలేదు, అప్పుడే ఆయన లెక్క తప్పంటున్నావు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఇరవైరెండున సెలవు పెట్టి వస్తాను. రైఫిలు నాకివ్వు. నాన్న అంకెతో నాన్న పోటీలో నేను కాలుస్తాను, పళ్ళెం మన ఇంట్లోనే ఉంటుంది. నువ్వు పక్కన నిలబడు. లోఫ్టుస్ పేరు నలుగురిలో నవ్వులపాలు కాకూడదు.

ఐనార్

*

హెల్డన్ క్రీక్
8 సెప్టెంబరు 1956

అన్నయ్యా,

రైఫిలు ఇవ్వను.

నాన్న లెక్క తప్పని నేను ఎక్కడా రాయలేదు. నా ఉత్తరం మళ్ళీ చదువు, అద్దాలు పెట్టుకుని చదువు. డబ్బాలో ఉన్నది నాన్న మందు కాదేమో అని అడిగాను. అడిగినదానికి జవాబు రాయకుండా పీపా మీద చీటీ సంగతి రాశావు. చీటీ బయట ఉంటుంది, మందు లోపల ఉంటుంది. మా ఫ్యాక్టరీకి వచ్చే డబ్బాలన్నిటి మీదా 'మేలురకం క్రీమ్' అనే ఉంటుంది.

భయం అన్నావు. నిజమే. ఈ రైఫిలు పగులుతుందని నాకు భయం. నా కళ్ళు పోతాయని నాకు భయం. ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు. అయినా కాలుస్తాను.

నువ్వు పంపిన డబ్బా మూత బిగించి, పైన 'ముట్టుకోవద్దు' అని రాసి కొట్టంలో దూరంగా పెట్టాను. ఆ పీపాలోది నువ్వు కూడా కాల్చకు. నా మీద కోపం ఉంటే ఉంచుకో. ఇది మాత్రం విను.

తరవాత ఏం చేశానో చెబితే నీకు నవ్వొస్తుంది. గుండర్ మో ఇంటికి వెళ్ళాను. క్లబ్బు వాళ్ళు కలిసి కొన్న మిలటరీ మందు పీపా ఒకటి సీలు విప్పకుండా అతని కొట్టంలో ఉంది. అడగడానికి నాలుక మీద రాయి పెట్టినట్టయింది. మెట్ల మీదే నిలబెట్టి, "ఏం, లోఫ్టుస్ వారి మందు అయిపోయిందా?" అన్నాడు. "అయిపోలేదండీ, నమ్మకం పోయింది" అన్నాను. అతను వెళ్ళి పీపా దొర్లించుకొచ్చి నా ఎదురుగానే సీలు విప్పాడు. "నా క్రీమ్ కూడా ఇలా నా ఎదురుగా తూచవే తల్లీ" అన్నాడు. తూస్తానన్నాను.

ఇప్పుడు కొత్త మందుతో మళ్ళీ కింద నుంచి మొదలుపెట్టాను. రోజూ ఫ్యాక్టరీ నుంచి రాగానే వెలుతురు ఉన్నంతసేపూ అదే పని. రెండు వారాలు చాలవు, సరిపెట్టుకుంటాను.

నువ్వు వస్తే మంచం వేసి ఉంచుతాను. చూడ్డానికి రా.

రాగ్నా

*

17 సెప్టెంబరు

రాగ్నా,

రావడం కుదరదు. షెడ్డు తలుపులో చెయ్యి పడింది. ఎడంచేత్తో రాస్తున్నాను. నీ ఇష్టం వచ్చినట్టు కాల్చుకో.

ఐనార్

*

హెల్డన్ క్రీక్
25 సెప్టెంబరు 1956

ఐనార్ లోఫ్టుస్‌గారికి,

నాలుగు ముక్కల ఉత్తరం అందింది. తలుపు పాపం, ఎన్నాళ్ళ నుంచో ఉన్న చోటే ఉంది, సరిగ్గా ఈ వారమే నీ చెయ్యి పడాలా? రానంటే రానని రాయొచ్చు. అలిగితే అలిగానని రాయొచ్చు. సరే, నువ్వు అడగకపోయినా చెబుతాను, ఎందుకంటే ఎవరితోనైనా చెప్పకపోతే నా పొట్ట ఉబ్బిపోయేలా ఉంది.

ఆదివారం పొద్దున్న గాలి లేదు. ఇరవైమూడు మంది. నా పేరు చివర పిలిచారు. గుండర్ పది గుండ్లలో తొమ్మిది నల్లచుక్కలో పెట్టాడు, అరవై ఎనిమిదేళ్ళ ముసలాడు, నిజంగా బాగా కాల్చాడు. అందరూ అతని భుజం తట్టడం మొదలుపెట్టారు. నేను వెళ్ళి కాల్చే చోట బోర్లా పడుకున్నాను. నాన్న రైఫిలు చెంపకి తగిలితే చల్లగా ఉంది. ఒక్కో తూటా వేస్తున్నప్పుడు దాన్ని ఏ సాయంత్రం తూచానో కూడా గుర్తుంది. బోల్టు ప్రతిసారీ వెన్నలో కత్తిలా లేచింది.

పది. పదికి పది, అన్నయ్యా! నా అరచేత్తో మూయొచ్చు, అంత దగ్గరగా పడ్డాయి.

గురిపలక తెచ్చి చూపించారు. అప్పుడు గుండర్ టోపీ తీసి, "నా పీపాలో మందుతో నన్నే కొట్టింది చూడండర్రా!" అని అరిచాడు. "పది అడుగుల లోపల కూడా నాకు అంత దగ్గరగా పడవు." తరవాత తనే కెటిల్ అందుకుని అందరికీ కాఫీ పోశాడు. నాకు మొదట పోశాడు. నీళ్ళలా ఉంది, ఆ మాట నేను అనలేదు.

పళ్ళెం ఇక్కడే గోడకి ఉంది. దాన్ని చూసినప్పుడల్లా నాకు ఎంత గర్వంగా ఉందో దాచుకోను. ఈ గదిలో నాతో పాటు చూడాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు, అతనికి తలుపు అడ్డం వచ్చింది.

రాగ్నా

*

ఎల్కిన్స్ బెండ్
4 అక్టోబరు 1956

నా చెల్లీ,

ఈ ఉత్తరం కూడా ఎడంచేతిదే. మూడు రోజులు పట్టింది, అందుకని చివరిదాకా చదువు.

తలుపు అబద్ధం. నీ ఉత్తరం వచ్చిన మర్నాడు, నువ్వు వద్దన్నావని పంతం పట్టి, నాన్న అంకెతో అయిదు తూటాలు నింపాను. నాకు త్రాసు లేదుగా, కొలత గిన్నెతో పోశాను. షెడ్డు వెనక ఇసుక గొయ్యి దగ్గర, నలుగురు స్నేహితుల ముందు, "మా నాన్న లెక్క చూడండి" అని మరీ కాల్చాను. మొదటిది బాగా పోయింది. రెండోదానికి నా రైఫిలు కట్టె పిడి చీలిపోయింది, బోల్టు ఊడదీయడానికి సుత్తి పట్టింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం చిరిగింది, పదకొండు కుట్లు. కంటికి ఏం కాలేదు. నువ్వు 'అద్దాలు పెట్టుకుని చదువు' అని రాశావు చూడు, ఆ ఉత్తరం జేబులో ఉంది, అద్దాలు ముక్కు మీద ఉన్నాయి. కుడి అద్దం నెర్రె విచ్చింది. అది నాకు నువ్వు ఇచ్చిన కన్ను.

సిగ్గేసి నీకు రాయలేదు. అంతకంటే, పోటీ ముందు నీ చెయ్యి అదిరితే నా వల్ల అవుతుందని భయం వేసింది. అది అలక కాదు.

ఇప్పుడు నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు. నాన్న పోయినప్పుడు కొట్టంలో రెండు పీపాలు ఉన్నాయి. ఒకటి ఆయన వాడుతున్నది, సగం ఖాళీ. రెండోది పోయే ముందు కొని, విప్పకుండా పెట్టుకున్నది. దారిలో దాని మూత పగిలింది. వయోమింగ్‌లో రోడ్డు పక్కన ట్రక్కు ఆపి, అంతా మొదటి పీపాలోకి ఒంపేశాను. అదీ మిలటరీదే, ఇదీ మిలటరీదే. అదే బూడిదరంగు, అవే సన్నటి ముక్కలు. చోటు కలిసొచ్చిందని సంతోషించాను కూడా. ఇంటికి రాగానే మరిచిపోయాను. నువ్వు 'ఇంకేదైనా కలిసిందా' అని అడిగినప్పుడు ఒక్క క్షణం గుర్తొచ్చింది, చెల్లీ. వచ్చింది. నాలుగేళ్ళు సైన్యంలో తుపాకులు బాగుచేసిన నేను అలాంటి పని చేశానని నా అంతట నేనే నమ్మదలుచుకోలేదు. అందుకే చీటీ గురించి రాశాను.

అమ్మినవాణ్ణి అడిగితే తెలిసింది, రెండోది రైఫిల్ తూటాల్లోంచి తీసిన మందట, ఫిరంగి మందు కంటే ఎన్నో రెట్లు తొందరగా మండుతుందట. ఏ తూటాలో అది ఎక్కువ పడిందో దానికే బోల్టు బిగుసుకుంది. పగిలిన మూత నా ట్రక్కులోనే దొరికింది, దాని లోపల వైపు నాన్న పెన్సిలుతో రాసుకున్నాడు: "వేరే రకం. కలపకు."

చెయ్యి కట్టుతో మంచం మీద పడి ఉండగా పుస్తకం తీశాను. నిజం చెప్పనా, ఇన్నాళ్ళూ నేను చివరి పేజీ తప్ప చదవలేదు. ఈసారి మొదటి పేజీ నుంచి చదివాను. ప్రతి పీపా దగ్గరా నాన్న ఒకటే మాట రాశాడు: "కొత్త పీపా. మళ్ళీ మొదటి నుంచి." పాత అంకె కొట్టేసి ఉంది. ఆయన తన అంకెనే తాను నమ్మలేదు, నేను దాన్ని పట్టుకుని ఊరేగాను.

ఇంకొకటి చూశాను. ప్రతి పేజీలో రెండు గడులు ఉన్నాయి, 'తూచింది', 'కాల్చింది' అని. పందొమ్మిది వందల ముప్పై ఒకటి నుంచి 'తూచింది' గడిలో రాత నీది. మొదట్లో పదకొండేళ్ళ పిల్ల గుండ్రటి అంకెలు, తరవాత తరవాత ఇప్పటి నీ అంకెలు. పాతికేళ్ళు. ఒక్కసారి కూడా నాతో అనలేదేమే? యాభై రెండులో నాన్న ఇలా రాశాడు, ఉన్నది ఉన్నట్టు దించుతున్నాను: "త్రాసు ముల్లు నాకు కనబడటం లేదు. రాగ్నా తూస్తోంది. పిల్ల సరే అంటేనే ట్రిగ్గరు మీద వేలు పెడతాను."

రైఫిలు నీకు ఎందుకు రాశాడో ఇప్పుడు తెలిసింది. నా మీద అక్కసు కాదు. ఇది తెలిసి నాకు ఎంత హాయిగా ఉందో నీకు తెలియదు.

పీపా మొత్తం హేజెల్ పెరట్లో పల్చగా చల్లేసింది, గులాబీలకి మంచి ఎరువట. పుస్తకం ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. పోస్టులో పోతే పోనీ అనలేను, రిజిస్టరు చేయించాను. అది నీ దగ్గర ఉండాలి.

నీ గురిపలక లెక్క షెడ్డులో గోడకి అంటించాను. ఎవరైనా అటు వెళ్తే ఆపి చూపిస్తున్నాను. "పది! మా చెల్లెలు!" అంటున్నాను. ఫోర్‌మన్ పని చూసుకోమంటున్నాడు.

ఐనార్

*

హెల్డన్ క్రీక్
11 అక్టోబరు 1956

అన్నయ్యా,

నీ ఉత్తరం ఫ్యాక్టరీలో చదివాను. కుట్ల దగ్గరికి వచ్చేసరికి ఏడుపు ఆగలేదు. అలిగావనుకుని నేను రాసిన మాటలకి నన్ను క్షమించు. గుండర్ క్రీమ్ డబ్బాతో వచ్చి నా కళ్ళు చూసి, "ఈసారి నా వెన్న శాతం అంత తక్కువగా ఉందా?" అన్నాడు. అతని ఎదురుగానే తూచాను. ఎప్పుడూ ఉన్నంతే ఉంది. మొదటిసారి ఏం మాట్లాడకుండా సంతకం పెట్టి వెళ్ళాడు.

తూచేది నేనని నీతో ఎందుకు అనలేదంటే, అనడానికి ఏముంది? నువ్వు సైన్యం కబుర్లు చెబుతుంటే నాన్నా నేనూ నోరు తెరుచుకుని వినేవాళ్ళం. నువ్వు వెళ్ళిన ప్రతిసారీ ఆయన పది రోజులు ఆ కబుర్లే చెప్పుకునేవాడు. మా ఐనార్, మా ఐనార్ అని. అది పుస్తకంలో రాయడు కదా, అందుకని నేను రాస్తున్నాను.

పుస్తకం క్షేమంగా చేరింది. చివరి పేజీ తిప్పాను. నీకు కొత్త రైఫిలు కట్టె గుండర్ చెక్కుతానన్నాడు, చెయ్యి మానగానే రైఫిలు పట్టుకుని రా. క్లబ్బు పీపాలో మందు చాలా ఉంది. నా తూటాలు మాత్రం ఇవ్వను, అవి నాన్న రైఫిలువి. నీ రైఫిలుకి నీవి.

కొత్త పేజీ నేనే మొదలుపెట్టాను. పైన "కొత్త పీపా. మళ్ళీ మొదటి నుంచి" అని రాశాను. 'తూచింది' దగ్గర నా పేరు రాశాను.

'కాల్చింది' దగ్గర ఖాళీ ఉంచాను. వచ్చి నీ చేత్తో రాయి, కుడిచేత్తో.

రాగ్నా